రెండో గడి

శనివారం మెట్లు తుడిచే వంతు నాది. మూడో అంతస్తు నుంచి ఒక్కో మెట్టూ తడిగుడ్డతో తుడుచుకుంటూ దిగుతున్నాను. కింద వీధి తలుపు తెరుచుకుంది. మా వీబ్కె. భుజాన సంచీ, చెవి దగ్గర ఫోనూ.

"తడి మీద కాలు పెట్టకే," అన్నాను.

"అయితే ఎత్తుకెళ్ళు," అంది. ఇరవై ఆరేళ్ళది. బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నా పక్కనుంచి మేజోళ్ళతోనే పైకెక్కింది. ఎక్కుతూ, వెనక్కి తిరక్కుండానే అడిగింది. "అమ్మా, నా బడి చివరి పరీక్షల మార్కుల కాగితం మనింట్లోనే ఉందిగా?"

ఉందని చెప్పాను. మిగతా మెట్లు ఎలా తుడిచానో నాకే తెలియదు. మా దగ్గర బడి మార్కుల్లో ఒకటి వస్తే గొప్ప, నాలుగు దాటితే తప్పినట్టు. వీబ్కెకి వచ్చింది మూడు పాయింట్ రెండు. అంతకు ముందు ఏడు దానికి ఏ సబ్జెక్టులోనూ రెండు దాటలేదు.

వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరిచి కూర్చుంది. హాంబుర్గ్‌లో ఓ కన్సల్టింగ్ కంపెనీ. పెద్ద పెద్ద సంస్థలకి వెళ్ళి మీ పని ఇలా నడుపుకోండి అని చెప్పడం వాళ్ళ వ్యాపారం. మా పిల్ల ఓడరేవు ఆఫీసులో ఐదేళ్ళుగా చేస్తున్నది దాదాపు అదేనట. అది తయారుచేసిన పట్టికల్ని మేనేజరు తన పేరు వేసుకుని మీటింగులో చూపిస్తాడు, కాఫీ అయిపోతే దాని వైపు చూస్తాడు. పని చేస్తూనే సాయంత్రాలు చదివి పై డిగ్రీ తెచ్చుకుంది. అందులో ఒకటి పాయింట్ రెండు. అయినా ఈ కంపెనీవాళ్ళకి పదిహేడో ఏట వచ్చిన మార్కులు కూడా కావాలి, కాగితంతో సహా. రేపటితో గడువు.

ఫోన్లో స్వాంట్యె మాట్లాడుతోంది. దాని స్నేహితురాలు, అలాంటి కంపెనీలోనే పని. బల్ల మీద పెట్టిన ఫోనులోంచి ఆ పిల్ల గొంతు ఇల్లంతా వినిపిస్తోంది.

"మూడు అని వేసేస్తేనో?" అంది వీబ్కె.

"కింద కాగితం జతచేసి పైన మూడు అని వేస్తావా? అంకెలన్నీ సరిచూసుకోకపోతే అన్నం సయించదు వాళ్ళకి!"

"ఆ గడి ఖాళీగా వదిలేస్తే?"

"వదిలావంటే సిగ్గుపడుతున్నావని వాళ్ళకి తెలిసిపోతుంది. ఉన్న అంకె వెయ్యి. కింద ఒక్క వాక్యం రాయి, ఆ ఏడు ఏం జరిగిందో. రెండో వాక్యం రాశావంటే ఏడుపు మొదలుపెట్టినట్టే. పిలిస్తే మాత్రం గుచ్చి గుచ్చి అడుగుతారు. దానికి సిద్ధంగా ఉండు."

ఫోను పెట్టేశాక వీబ్కె జుట్టు రెండు చేతులతో వెనక్కి లాక్కుంది. "ఏం జరిగిందని రాయనమ్మా? నాన్న పోయాడని రాస్తే చిప్ప పట్టుకున్నట్టుంటుంది."

నేను కాగితం తెస్తానని లేచాను.

ఆ ఏడు జనవరిలో మా ఆయన డెట్‌లెఫ్ మంచం పట్టాడు. నౌకల మరమ్మతులో ముప్ఫై ఏళ్ళు పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. నేను చేపల ఫ్యాక్టరీలో తెల్లవారుజామున ఐదింటి షిఫ్టుకి వెళ్ళేదాన్ని. మందులు, ఆస్పత్రి కాగితాలు, బీమావాళ్ళ ఉత్తరాలు, డాక్టరుతో మాటలు, అన్నీ వీబ్కెవే. పెద్దవాడు టోర్బెన్ అదే ఇంట్లో ఉండేవాడు. ఇరవై రెండేళ్ళ మనిషి, వారానికోసారి తండ్రి గది గుమ్మంలో నిలబడి "ఎలా ఉంది నాన్నా?" అని అడిగి, ఉతికిన చొక్కా ఎక్కడుందని నన్ను అడిగేవాడు. నర్సును పెట్టుకుందామా అని నేనంటే మా అత్తగారు, "ఇంట్లో ఆడపిల్ల ఉండగా పరాయి మనిషి దేనికి?" అంది. డెట్‌లెఫ్ కూడా అదే మాట. "నీకెలాగూ అక్షరం ముక్క రాదు. పిల్లకి వచ్చు. పిల్లే చూస్తుంది."

నిజమే, నాకు రాదు. తొమ్మిదిమంది పిల్లల్లో పెద్దదాన్ని, బడికి వెళ్ళిన రోజుల కంటే తమ్ముళ్ళని ఎత్తుకున్న రోజులు ఎక్కువ. పెళ్ళయ్యాక డెట్‌లెఫ్ నాకు సంతకం నేర్పాడు. సంతకం మాత్రమే. "ఇది చాలు నీకు," అన్నాడు. ఫ్యాక్టరీలో నన్ను ఫోర్‌వుమన్ చేస్తామన్నప్పుడు వద్దన్నాను, ఎందుకంటే రోజూ రిపోర్టు రాయాలి. నా తర్వాత చేరినమ్మాయి నాకు పని చెప్పడం మొదలుపెట్టింది. గోడ మీద ఏ నోటీసు అంటించినా "కళ్ళజోడు మర్చిపోయాను, ఏముంది చదువు" అనేదాన్ని. "రోస్విటాకి తల కూడా మర్చిపోయే గుణం," అని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఇంటికొచ్చి మా ఆయనకి చెబితే ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. భార్య తనని అడక్కుండా ఓ ఉత్తరం కూడా విప్పలేదంటే ఆయనకి లోపల్లోపల తృప్తిగానే ఉండేదని ఇప్పుడనిపిస్తుంది.

ఆయన పోయాక, యాభై ఎనిమిదో ఏట, అక్షరాలు నేర్చుకోవడానికి సాయంత్రం బడిలో చేరాను. పడకగది అలమరలో ఆకుపచ్చ ఫైలు, బడి ముద్ర ఉన్న కాగితాలన్నీ అందులో పెట్టమని డెట్‌లెఫ్ చెప్పేవాడు, పెట్టేదాన్ని. ఇప్పుడు ఆ ఫైలు తీసి మంచం మీద కూర్చున్నాను. మార్కుల కాగితం పైనే ఉంది. దాని వెనక ఇంకో కాగితం, అడుగున నా సంతకం. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివాను.

తండ్రి అనారోగ్యం దృష్ట్యా వీబ్కె ఈ పరీక్షలు ఇప్పుడే రాయనక్కర్లేదు. వేసవి తర్వాత రాయవచ్చు, లేదా ఈ ఏడాదిని లెక్కలోకి తీసుకోకుండా మళ్ళీ చదవవచ్చు. అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు కనుక మీ నిర్ణయం కావాలి. అంగీకరిస్తే మొదటి గడిలో, లేకపోతే రెండో గడిలో గుర్తు పెట్టి శుక్రవారంలోగా ఒక ప్రతి పంపండి, ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

రెండో గడిలో అడ్డగీత. నా గీతే.

డెట్‌లెఫ్ నాకొక పద్ధతి చెప్పాడు. బడి నుంచి ఏ కాగితం వచ్చినా రెండో గడిలో గీత పెట్టి సంతకం చెయ్యి, మొదటి గడి అంటే ఏదో ఒకటి కట్టమంటారు. తరగతితో విహారయాత్ర, పాటల బృందం, ఈత, అన్నీ అలాగే పోయాయి మా పిల్లకి. ఈ ఉత్తరం వచ్చిన రోజు నాకు గుర్తుంది. మధ్యాహ్నం రెండింటికి షిఫ్టు నుంచి వచ్చాను. ఆయన మందు మత్తులో ఉన్నాడు. సోఫా మీద పుస్తకం గుండెల మీద పెట్టుకుని వీబ్కె నిద్రపోతోంది. ఉత్తరం పట్టుకుని దాని తల దగ్గర కాసేపు నిలబడ్డాను. తర్వాత వెళ్ళి వాషింగ్ మెషీన్ మీద పెట్టి ఎప్పటిలాగే రెండు ప్రతుల మీదా గీత గీసి, సంతకం చేసి, ఒకటి పోస్టులో వేసి వచ్చాను. ఐదు నిమిషాల పని.

"దొరికిందా?" అని వంటింట్లోంచి కేక.

మార్కుల కాగితం ఒక్కటే పట్టుకెళ్ళాను. రెండోది ఏప్రన్ జేబులో మడిచి పెట్టాను. అది మనసులో ఏ నిర్ణయమూ లేకుండానే చేశాను, చెయ్యి దానంతటదే చేసింది. ముప్ఫై ఏళ్ళ అలవాటు.

వీబ్కె లాప్‌టాప్ నా వైపు తిప్పింది. "చదువు. నువ్వే పైకి చదువు." నేను చదివితే వినడం దానికి ఇష్టం. చదివాను. "ఆ సంవత్సరం తీవ్ర అనారోగ్యంతో ఉన్న మా నాన్నగారిని నేను చూసుకున్నాను, పరీక్షలకు పది రోజుల ముందు ఆయన మరణించారు."

"బాగుంది," అన్నాను.

"బాగానే ఉంది. కానీ వాళ్ళు అడుగుతారు. అలాంటప్పుడు బడివాళ్ళు గడువు ఇస్తారు కదా, ఎందుకు తీసుకోలేదని." గోళ్ళు చూసుకుంటూ అంది. "ఇచ్చారమ్మా. పరీక్ష రోజున టీచరు చెప్పింది. మీ ఇంటినుంచి వద్దని వచ్చిందే, నీకు తెలియదా అని. నాన్న పని అని అప్పుడే అర్థమైంది నాకు. తొందరగా బడి ముగించి సంపాదనలో పడమని మొత్తుకునేవాడుగా. చచ్చిపోతూ కూడా వదల్లేదు నన్ను." తలెత్తకుండానే, "నీకు చెప్పలేదు, బాధపడతావని," అంది.

ఊరుకుంటే సరిపోయేది. డెట్‌లెఫ్ లేచి వచ్చి కాదనడు. ఆ పద్ధతి నేర్పింది ఆయనే, నాకు అక్షరాలు రాకుండా చూసుకుంది ఆయనే. ఇంకొక్క తప్పు ఆయన మీద పడితే కొత్తగా బరువెక్కేదేమీ లేదు. నిజానికి నోటిదాకా వచ్చింది, అవునే, ఆయనే అని.

జేబులోంచి కాగితం తీసి దాని ముందు పెట్టాను. "మీ నాన్న ఇది చూడనే లేదు. గీత పెట్టింది నేను. ఏముందో తెలియకుండా పెట్టాను."

వీబ్కె చదివింది. నాకు పావుగంట పట్టిన కాగితం, దానికి పది క్షణాలు. లేచి, కడిగి ఉన్న కప్పునే మళ్ళీ కడిగింది.

"ఆ రోజు నేను ఇంట్లో లేనా?"

"ఉన్నావు. నిద్రపోతున్నావు."

"లేపొచ్చుగా."

"అలిసిపోయి..."

"అమ్మా!"

"సిగ్గేసింది," అన్నాను. "ముందు రోజు రాత్రే రెండు ఉత్తరాలు చదివించుకున్నాను నీచేత. మూడోది కూడా చదివిపెట్టమని కన్నకూతుర్ని లేపడానికి సిగ్గేసింది."

అది కప్పు తుడుస్తూనే ఉంది. "తొమ్మిదేళ్ళు నాన్నని తిట్టుకున్నాను."

"తిట్టుకోవడానికి ఆయనవి వేరే చాలా ఉన్నాయి. ఇది మాత్రం కాదు."

ఫక్కున నవ్వింది. నవ్వుతూనే ముఖం తిప్పుకుంది. నవ్వు ఆగిపోయాక కూడా చాలాసేపు ఇటు తిరగలేదు.

తర్వాత కూర్చుని ఆ వాక్యం చెరిపేసింది. కొత్తది కొట్టి నా వైపు తిప్పింది. "పరీక్షలు వాయిదా వేసుకునే వీలుందన్న సంగతి నాకు సమయానికి తెలియలేదు."

అందులో నేను లేను. ఆ వాక్యం నన్ను ఎంత జాగ్రత్తగా దాటి వెళ్ళిందో చూశాను. ఇన్నేళ్ళూ నా కళ్ళజోడు అబద్ధాలని కూడా అది అంతే జాగ్రత్తగా కాపాడింది.

"మా అమ్మకి అప్పుడు చదవడం రాదు అని పెట్టు."

"వద్దు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు నీ గురించి..."

"పెట్టు. ఇంటి కాగితాలన్నీ నువ్వే చదివేదానివని కూడా పెట్టు. అది పని కాదా?"

నా ముఖంలోకి చూసింది. కొట్టింది. రెండూ ఒకే వాక్యంలో ఇమిడేలా మూడుసార్లు మార్చింది. పంపింది. భోజనానికి ఉంటానన్నది ఉండలేదు. గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటూ, "వచ్చే వారం రానేమోనమ్మా," అంది. కోపమా అని అడిగితే, "కోపమే," అంది. దాచకుండా చెప్పినందుకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

పన్నెండు రోజులకి కంపెనీ జవాబు వచ్చింది. వీబ్కె దాన్ని నా ఫోనుకి పంపింది. మర్యాదగా నాలుగు వరుసలు, వద్దని. మార్కుల ఊసు లేదు, నా ఊసూ లేదు. కింద వీబ్కె రాసింది. "ఇంకో రెండు చోట్ల పెడుతున్నాను. ఆ వాక్యం మాత్రం తియ్యను."

వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. ఆ రోజు ఇక్కడే దానికి ఎన్ని చెప్పాను! సిగ్గు గురించి చెప్పాను, వాళ్ళ నాన్న గురించి చెప్పాను, ఏం రాయాలో కూడా నేనే చెప్పాను. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. ఫోనులో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టడానికి చాలాసేపు పట్టింది. రెండే మాటలు.

నిన్ను లేపాల్సింది.