ఆపమని చెప్పే పని

వాష్‌బేసిన్‌కి అంటుకుపోయిన మొగుడి గడ్డం వెంట్రుకల్ని వేలితో గోకి తీస్తోంది ఆమె. పెళ్ళయినప్పటినుంచీ ఇదే పాట్లు. కాసిని నీళ్ళు కొడితే పోయేదానికి ఆ మహానుభావుడికి చెయ్యి రాదు. పైగా ఆమె తొందర చూసి నవ్వు. "రంగుల బొమ్మలు చూస్తూ కూర్చునే ఉద్యోగానికి ఇంత హడావిడేమిటే?"

రంగుల బొమ్మలట! మెదడులో గడ్డ ఉన్న మనిషిని స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి, పుర్రెకి చిన్న రంధ్రం చేసి, దారమంత సన్నటి లేజర్ తీగని గడ్డలోకి దింపుతారు. ఆ వేడికి గడ్డ మాడాలి, పక్కనున్న మంచి మెదడు మాడకూడదు. లోపల ఎక్కడెంత వేడెక్కుతోందో స్కానింగ్ ఎప్పటికప్పుడు తెరమీద రంగుల్లో చూపిస్తుంది. ఆ ఎరుపు రంగు గడ్డ అంచున గీసిన గీత దాటబోతే ఆపమని చెప్పడం ఆమె పని. లేజర్ పెడల్ మాత్రం పెద్ద డాక్టరు కాలి కింద ఉంటుంది.

ఆ గదిలో ఇంకో దిక్కుమాలిన పద్ధతుంది. ఆపమన్న మాట ఆమె నోట నేరుగా రాకూడదు. ఒకసారి గట్టిగా అన్నందుకు పెద్ద డాక్టరు ముఖం మాడ్చుకున్నాడు. "చూడ్డానికొచ్చిన డాక్టర్ల ముందు నువ్వు ఆపమంటే నేనాపాలా? అసిస్టెంటుకి చెప్పమ్మా, అతను నాకు చెప్తాడు." ఇంటికొచ్చి వాపోతే అత్తగారు, "పెద్దవాళ్ళతో మనకెందుకే పేచీ" అంది. సరేనని తలూపి ఇన్నాళ్ళూ ఆ తతంగం నడిపించినందుకు ఆమెకి తనమీద తనకే రోత.

ఇవాళ యంత్రంలో ఉన్నది ఒక టీచరమ్మ. గడ్డ సరిగ్గా మాటలు పుట్టే చోటుని ఆనుకుని ఉంది. మత్తివ్వబోయే ముందు ఆవిడ ఈమె చెయ్యి పట్టుకుని, "నా మాట పోదు కదమ్మా? నోటితో బతికేదాన్ని" అంది.

లేజర్ మొదలైంది. ఎరుపు గీతవైపు పాకింది. "ఆపమనండి" అంది అసిస్టెంటుతో. పెద్ద డాక్టరు పెడల్ మీద కాలుంచి, వచ్చినవాళ్ళకి తన గొప్పలు చెప్పుకుంటున్నాడు. అసిస్టెంటు నీళ్ళు నమిలాడు. "సార్ మాట్లాడుతున్నారు కదా మేడమ్, ఒక్క నిమిషం."

నిమిషమా! ఆమె ఒక్క అంగలో వెళ్ళి లేజర్ యంత్రాన్ని ఉన్నపళంగా ఆపే ఎర్ర మీట నొక్కేసింది. లేజర్ ఆరిపోయింది. పెద్ద డాక్టరు గిరుక్కున తిరిగాడు, తెర చూశాడు, పెడల్ మీంచి కాలు తీశాడు. చల్లారాక మిగతా పని వేడి తగ్గించి పూర్తిచేశాడు. బయటికొచ్చాక మాత్రం పళ్ళు కొరికాడు. "అందరిముందూ నా పరువు తీశావ్. వాళ్ళెదురుగానే సారీ చెప్పాలి."

మొగుడికి ఫోన్ చేసింది. "చెప్పేయ్. నీ నోట్లోంచి ముత్యాలేమైనా రాలిపోతాయా? ఉద్యోగం పోతే తెలిసొస్తుంది" అన్నాడు. చెప్పేద్దామనే వెళ్ళింది, నిజానికి.

టీచరమ్మకి మెలకువొచ్చింది. మంచం చుట్టూ పెద్ద డాక్టరు, చూడ్డానికొచ్చిన డాక్టర్లు, అందరూ ఉన్నారు. "ఎన్నాళ్ళు సెలవు పెట్టాలి డాక్టరుగారూ? పరీక్షలు దగ్గరపడ్డాయి" అంది, ఒక్క అక్షరం తడబడకుండా. ఈమెకి ఏడుపొచ్చినంత పనైంది.

"సరిగ్గా సమయానికి ఆపాను కాబట్టి మాట దక్కింది" అన్నాడు పెద్ద డాక్టరు.

టీచరమ్మ మొగుడు చేతులు జోడించి, ఇకిలించాడు. "ఇంకాసేపు ఆగి ఆపితే ఏం పోయింది సార్? ఇంట్లో ప్రశాంతంగా ఉండేది."

అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే గట్టిగా పెద్ద డాక్టరు. టీచరమ్మ కూడా, కట్టుకట్టిన తలతో, నవ్వబోయింది. అలవాటు కొద్దీ తన పెదాలు కూడా సాగుతున్నాయని ఈమెకి తెలిసింది. ఛీ! ఎంగిలి తుడుచుకున్నట్టు అరచేత్తో మూతి తుడుచుకుంది.

"నువ్వేదో చెప్పాలిగా" అన్నాడు పెద్ద డాక్టరు, నవ్వు ఆపుకుంటూ.

"అవునండీ" అంది టీచరమ్మ వైపు తిరిగి. "ఆపింది ఆయన కాదమ్మా, నేను. ఇకమీదట ఆపమని ఎవరికీ చెప్పను. ఆపేస్తాను."