కాటుకకు నేను నేర్పింది

లాల్‌దర్వాజాలో ఒక బట్టల దుకాణం షట్టర్ కింద ఒక వీధికుక్క వెనక కాలు ఇరుక్కుంది. దుకాణం కట్టేసే తొందరలో యజమాని చూసుకోకుండా కిందికి లాగాడట. షట్టర్లు బాగుచేసేవాణ్ణి కాబట్టి నాకు ఫోన్ చేశాడు. నేను స్ప్రింగ్ వదులు చేసి, షట్టర్ కింది పట్టీ ఎత్తి, ఆ కుక్కను బయటికి తీసేదాకా నా పక్కనే నిలబడ్డాడు. కాలు విరిగిందా అని అడగలేదు.

"పట్టీ వంగిందా సీమోనూ?" అన్నాడు.

వంగింది. కాలు కూడా వంగింది. పట్టీని అక్కడే సరిచేసి, కాలిని సరిచేయడం నాకు రాదు కాబట్టి కుక్కను స్కూటర్ మీద ముందు పెట్టుకుని పశువుల ఆసుపత్రికి పోయాను. అక్కణ్ణుంచి ఉప్పుగూడలో నా గదికి. కళ్ల చుట్టూ నల్లటి చారలున్నాయని కాటుక అని పేరు పెట్టాను. పేరు పెట్టకుండా ఉండాల్సింది. పేరు పెట్టాక వదిలేయలేం.

మా గది మేడ మీద. కింద ఇంటి యజమానురాలు నాగమణమ్మ. ఆమె అరుగు మీద కూర్చుని పైకి చూడకుండానే చెప్పింది.

"కాలు మానేదాక ఉంచుకో. దాని గొంతు ఇనబడ్డనాడే గది ఖాళీ చెయ్యాలె, ఏమంటవ్?"

ఏమంటాను? మేం ఆ గదికి రాకముందు మూడు ఇళ్లు మారాం.

అందుకని కాటుకకు నోరు మూసుకోవడం నేర్పాను. మొరగడానికి మూతి ఎత్తగానే పిడికిట్లో పట్టుకుని "చుప్" అనేవాణ్ణి. తలుపు వేసి, మెట్ల మీద నిలబడి దాన్ని పిలిచేవాణ్ణి. లోపల కిక్కురుమనకుండా, తలుపు గీరకుండా పడుకుంటే, వచ్చాక ఎముక. చప్పుడు చేస్తే ఏమీ లేదు. నా భార్య లీలమ్మ ఆసుపత్రిలో ఆయా పని చేసి, సాయంత్రం వచ్చి ఈ తమాషా చూసేది.

"ఇరవై ఆరేండ్ల సంది నన్ను గూడ చుప్ అంటున్నవ్. నేను ఇన్ననా?"

"నీకు ఎముకలు పెట్టలే గదా."

"పెట్టి చూడు, మొత్తం గల్లీ ఇనేటట్టు లొల్లి చేస్త."

రెండు నెలలకు కాటుక ఎంతగా నేర్చుకుందంటే, నేను చెయ్యి చాపగానే తనే వచ్చి మూతి నా పిడికిట్లో పెట్టేది. నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. ఒక ప్రాణికి చదువు చెప్పడం నా బతుకులో అదే మొదటిసారి. గర్వపడ్డాను, అబద్ధమెందుకు.

కాలు మానింది, కుంటు మిగిలింది. నాగమణమ్మ మేడ మీద అప్పడాలు ఆరబెట్టడానికి వచ్చి దాన్ని చూసింది.

"ఇంక ఎన్ని దినాలు? మొరగకుంటే కుక్క కాకుంట పోతదా?"

అప్పటినుంచి ఇల్లు వెతకడం మొదలైంది. గౌలిపురలో పాలవ్యాపారం చేసే శివయ్య దగ్గరికి తీసుకుపోయాను. ఆయనకు పద్నాలుగు బర్రెలు, పెద్ద కొట్టం. కాటుక కుంటికాలు చూసి కూడా ముఖం చిట్లించని మనిషి ఆయన ఒక్కడే. వంగి దాని చెవులు నిమిరాడు.

"మొరుగుతదా?"

"లేదు బాపు. చుప్ ఉంటది."

"మరి నాకెందుకురా? దూడల కాడికి ఎవడన్న వస్తే నాకు చెప్పేదెవరు? కుక్కంటే నోరున్నది గావాలె. నోరొస్తే తోల్కరా, ఉంచుకుంట."

నాకు కోపం వచ్చింది. ఇంత కష్టపడి నేర్పిన చదువుకు విలువ తెలియని మనిషి అనుకున్నాను. అదే గౌలిపురలో ఇంకో గల్లీలో విశ్వేశ్వర్ సేట్ ఉన్నాడు. పశువుల దాణా టోకు వ్యాపారం, కింద గోడౌను, పైన ఇల్లు. ఆయన షట్టర్లన్నీ చూసేది నేనే. డిగ్రీ చదివే ఆయన కూతురు రచన చాన్నాళ్లుగా కుక్క కావాలని పోరుతోంది.

"మా అమ్మకు లొల్లి పడదు సీమోనూ" అన్నాడు సేట్. "పూజల కూసున్నప్పుడు చీమ చిటుక్కుమన్న లేస్తది."

నేను చెయ్యి చాపాను. కాటుక మూతి తెచ్చి పిడికిట్లో పెట్టింది. బయటికి పోయి తలుపు మూసి పిలిచాను. లోపల నిశ్శబ్దం.

"అరే వా! ఏం ట్రైనింగ్ ఇచ్చినవ్ భాయ్!"

"రెండు నెలలాయె సేట్. ఒక్కపారి నోరు తెరువలే" అన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

సంతోషం పట్టలేక వాళ్ల గోడౌను షట్టర్‌కు గ్రీజు పెట్టి, ఒక్క చేత్తో లాగితే జారేటట్టు చేసి వచ్చాను. రచన కాటుక పేరు కోకో అని మార్చింది. ఎర్ర బెల్టు కట్టింది, స్టీలు గిన్నె కొన్నది. ఫోన్‌లో ఫొటోలు పంపేది. హోటల్లో చాయ్ తాగేటప్పుడు పక్కవాళ్లకు చూపించేవాణ్ణి. లీలమ్మ "నాకెందుకు" అంటూనే రెండుసార్లు చూసేది.

మే నెలలో వాళ్లు పెళ్లికి కరీంనగర్ పోయారు. మర్నాడు రచన ఫోన్ చేసింది.

"అంకుల్, కోకో మీ దగ్గరికొచ్చిందా? అన్నం పెట్టనీకొచ్చిన ఆంటీకి కనిపిస్తలేదంట."

రాలేదు. పని వదిలేసి వెతికాను. గౌలిపుర గల్లీలు, లాల్‌దర్వాజా, ఉప్పుగూడ స్టేషన్, చెత్తకుప్పలు. కుంటి కుక్క, కళ్ల చుట్టూ నల్లగా, ఎర్ర బెల్టు అని అడిగితే ఒకడు నవ్వాడు. "ఫొటోతో పోస్టర్ ఏయించు అన్నా, కార్పొరేటర్ లెక్క."

రెండో రోజు మధ్యాహ్నం ఎండకు కళ్లు తిరిగి, విశ్వేశ్వర్ గోడౌను ముందు కాస్త నీడ ఉంటే షట్టర్‌కు వీపు ఆనించి కూర్చున్నాను. ఎదురు హోటల్ నుంచి చాయ్ తెచ్చుకుని తాగాను. "కాటుకా! కాటుకా!" అని గట్టిగా పిలిచాను. పక్క గల్లీ కుక్కలన్నీ మొరిగాయి. కాగితం కప్పు అక్కడే పడేసి లేచిపోయాను.

నాలుగో రోజు పొద్దున విశ్వేశ్వర్ ఫోన్. "జల్ది రా."

షట్టర్ సగం ఎత్తి ఉంది. కాటుక దాని వెనకే పడుకుని ఉంది, ముందుకాళ్ల మీద మూతి పెట్టుకుని, షట్టర్ కింది సందు వైపు చూస్తూ. పెళ్లికి పోయే హడావుడిలో అది లోపలికి పోవడం ఎవరూ చూడలేదు. నా గ్రీజు పుణ్యమా అని షట్టర్ చప్పుడు లేకుండా దిగింది. నాలుక ఎండిపోయి బయటికి వేలాడుతోంది. ఊపిరి మాత్రం ఉంది. నేను పడేసిన కాగితం కప్పు ఇవతల ఇంకా అక్కడే ఉంది. ఆ కప్పుకూ దాని మూతికీ మధ్య జానెడు దూరం.

"గట్లెట్ల పడుంటది సీమోనూ?" అన్నాడు విశ్వేశ్వర్. "బయట ఇంతమంది తిరుగుతున్నరు. ఒక్కపారి మొరిగితే ఎవడన్న తాళం పలగ్గొడుతుండె గదా! పిచ్చిదా ఏంది?"

"పిచ్చిది కాదు సేట్. చెప్పింది ఇన్నది."

"మాకొద్దు భాయ్. పూజలు చేసుకునే ఇల్లు. ఇట్ల ఇంట్ల ప్రాణం పోతే ఎవరికి పాపం?"

రచన ఏడ్చింది గాని తీసుకుపోవద్దని అనలేదు. స్టీలు గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది. సంచిలో వేసుకున్నాను.

నా మీద ఉన్న కోపం ఆయన మీద చూపించాలనుకున్నాను. కుదరలేదు. రెండు నెలలు ఆ గొంతును నా పిడికిట్లో నొక్కింది ఆయన కాదు. నేను పిలిచినప్పుడు అది ఎముక కోసం చూస్తూ కిక్కురుమనకుండా పడుకుని ఉంటుంది. నేను లోపలికి వస్తానని అనుకుని ఉంటుంది.

పశువుల ఆసుపత్రిలో సెలైన్లు ఎక్కించారు. బతికింది. పది రోజులకు లేచి నడిచింది. దాన్ని పంపేయడానికి నాగమణమ్మ ఒకటో తారీకు దాకా గడువిచ్చింది.

శివయ్య బాపు దగ్గరికి మళ్లీ పోయాను. "నోరొచ్చిందా?" అన్నాడు. లేదన్నాను. "వస్తే తోల్కరా. నా మాట మీదనే ఉన్న" అన్నాడు.

ఇప్పుడు రోజూ సాయంత్రం దాన్ని ఉప్పుగూడ స్టేషన్ అవతల పట్టాల పక్కకు తీసుకుపోతున్నాను. అక్కడైతే అడిగేవాళ్లు లేరు. రైలు వస్తుంటే దాన్ని నా ఎదురుగా నిలబెట్టుకుని నేనే మొరుగుతాను. భౌ. భౌ. యాభై రెండేళ్ల మనిషిని. నిన్న పట్టాలు చూసే గ్యాంగ్‌మన్ ఒకడు సుత్తి దించి చూశాడు.

"ఏమన్నా, ఎలచ్చన్ల నిలబడుతున్నవా ఏంది?"

కాటుక తల పక్కకు వంచి నన్ను చూసింది. కుంటుకుంటూ దగ్గరికి వచ్చింది. వచ్చి, మూతి నా పిడికిట్లో పెట్టి, నోరు మూసుకుని, ఎముక కోసం నా జేబు వైపు చూసింది.

ఎముక జేబులోనే ఉంది. తీయకుండా మళ్లీ మొరిగాను.