తాళపు చెవియు అత్తగారి కన్నును

రోళ్ళు సైతము పగులునని లోకము చెప్పుకొను రోహిణికార్తె ప్రవేశించి ప్రొద్దు బారెడెక్కకమున్నే చండభానుకిరణములు విశాఖపట్టణమును పొయ్యిమీది పెనమువలె కాచుచుండెను. దిగువను సముద్రము కరగించి పోసిన వెండియై కన్నులకు మిఱుమిట్లు గొలుపుచుండ కొండవాలున మెలికలు తిరుగు వీథులలో నీడ యనునది గోడల పాదములకడ మాత్రము ముడుచుకొని పరుండియుండెను. అట్టి వాలు వీథి యొకదానిలో మేడమీది వాటాయందు క్రొత్తగా కాపురమునకు వచ్చిన కుముదవల్లి వసారా కటకటాలపై మోచేతు లాన్చి క్రింద నిలిచియున్న తమ కారును చూచి తనలో తాను నవ్వుకొనుచుండెను.

పెండ్లినాటి పసుపుబట్టలింకను ఉతుకులకు వెలిసిపోలేదు. ఆమె భర్త భానోజీ ఓడరేవు కార్యాలయమున ఉద్యోగి. భార్య కారు నడుపనేర్చునని విని మురిసిపోయి ఎవరో వాడి విడిచిన ఇటుకరంగు కారు నొకదానిని ఇంటికి తెచ్చెను గాని తనకు మాత్రము నడుపుట రాదు. కుముదవల్లి తండ్రి పాడేరు మన్యమున అటవీశాఖవారి జీపు నడిపినవాడు. ఘాటీ మలుపులలో కూతునకు చక్రము పట్టుట నేర్పుచు ఆయన పలుమాఱు చెప్పిన మాట యొకటి కలదు. ఎత్తున నిలిపిన బండికి గేరే గొలుసు. ఇంజను ఆపిన వెంటనే కఱ్ఱను మొదటి గేరులోనికి నెట్టుట ఆమె చేతికి నమస్కారము పెట్టునంత సహజమైపోయెను.

కారు వచ్చినను కుముదవల్లికి మనశ్శాంతి రాలేదు. అత్తగారైన పైడమ్మ మొదటిదినమున ఎండలో కాగిన ఆ కారునందు కూర్చుండినంతనే తొడలు చుఱ్ఱుమనగా దిగ్గున లేచి "ఈ కుంపటిలో మరల కూర్చుందునా" అని దిగివచ్చెను. నాటినుండి ఆమె దానిని ఎక్కలేదు. ఎక్కకపోయినను వదలలేదు. ప్రతిదినమును దాని బానెట్టుపై తెల్లని పంచె పఱచి బూడిదగుమ్మడి వడియములు పెట్టుచు "ఎక్కనంటిని గాని వాడుకొననంటినా" అని ఇరుగుపొరుగువారితో పరిహాసము లాడుచుండెను.

ఇంతలో భీమునిపట్టణమునుండి పైడమ్మ అక్కగారు క్రొత్తకోడలిని చూపుమని కబురంపెను. ఆదివారము ప్రయాణము నిశ్చయమయ్యెను.

"మీరిరువురు ఆ కుంపటిలో పొండు. నేను బస్సులో వత్తును" అని పైడమ్మ తేల్చిచెప్పెను.

అత్తను బస్సెక్కించి తాను కారులో దిగిన కోడలు అను పేరు ఆ బంధువర్గమున ఒక్కమాఱు పడినచో మనుమలు పుట్టినను చెఱగదని కుముదవల్లి యెఱుగును. ఆ చింతను భర్తతో చెప్పుకొనగా అతడు కొంతసేపాలోచించి మేడమీదనుండియే కారును మేల్కొలిపి మన మెక్కుసరికి ఏసీతో లోపల చల్లబఱచియుంచు ఉపాయ మొకటి కలదని చెప్పెను.

పాతకార్లకు క్రొత్త హంగులు సమకూర్చుటలో చేయితిరిగిన సన్యాసినాయుడు వచ్చి స్టీరింగు చక్రము క్రింది మూత విప్పి నానావర్ణములైన తీగలను అల్లికదారములవలె ఏర్పఱచి తలుపుల తాళములకు చిన్నమోటారులు బిగించి తుదకు బొత్తాములు గల రిమోటులు రెండు దంపతుల చేతులలో నుంచెను.

"అమ్మా, ఒక్కమాట. ఇకమీదట బండిని న్యూట్రలులో నిలిపి హ్యాండుబ్రేకు లాగి చక్రమునకు రాయి అడ్డము పెట్టుడు. గేరులో నున్నదానిని దూరమునుండి లేపితిరా, అది కన్ను తెఱవకమున్నే అడుగు వేయును."

"అట్లే నాయుడుగారూ" అని కుముదవల్లి పలికెనే గాని ఆమె చూపులు అప్పుడే బొత్తామునకును కారు దీపములకును నడుమ పరుగులిడుచుండెను.

పైడమ్మ ఈ తతంగమంతయు మెట్లక్రింది గడపలో కూర్చుండి చూచుచుండెను. ఆమెకు ఎడమచెవి బొత్తిగా పోయినది. కుడిచెవియు మందము.

"తాళపుచెవి లేకయే తలుపు తెఱచుకొనునట, ఎట్లురా" అని కొడుకు నడిగెను.

"ఇచ్చట నొక్కిన అచ్చట వినునమ్మా" అని భానోజీ బిగ్గరగా బదులిచ్చెను.

"అయితే నాకు పోయిన చెవి మీ కారునకు వచ్చినదన్నమాట."

ఆ దినమునుండి ఆ యింట క్రొత్తసంభాషణ యొకటి పుట్టెను. భానోజీ ఉద్యోగమునకు పోవుచు వీథిమలుపున నిలిచి బొత్తాము నొక్కగా కారు కిచకిచలాడి దీపములు రెండును ఱెప్పలార్చును. మేడమీదినుండి కుముదవల్లి దానిని మూయును. అతడు మరల తెఱచును. పోపులో ఆవాలు చిటపటలాడుచుండగా ఆమె గరిటె నెడమచేతికి మార్చుకొని వసారాలోనికి పరుగెత్తి కడసారి మూసివచ్చును. లోకమునకు అది తాళము. ఆ యిరువురికి మాత్రము చెప్పక చెప్పుకొను మాట. ఎదురింటివారు ఈ కారునకేమి రోగమని అనుకొనుచుండిరో వారికి పట్టలేదు.

ఆదివారము రానేవచ్చెను. ముందునాటి సాయంకాలము కుముదవల్లి బజారునుండి వచ్చి కారును వాలున ఎగువమొగముగా నిలిపెను. హ్యాండుబ్రేకు లాగెను. ఇంజను ఆపెను. పిమ్మట మనస్సు భీమునిపట్టణమునకు కట్టవలసిన చీరపై నుండగా చేయి తండ్రిమాట తలచుకొని కఱ్ఱను మొదటి గేరులోనికి నెట్టివేసెను. అటుపై దిగి చక్రము వెనుక రాయి పెట్టెను.

ఉదయమున చీర కుచ్చిళ్ళు సవరించుకొని ఆమె వసారాలోనికి వచ్చి చూడగా కారు వెనుకభాగము మాత్రము కనబడెను. ముందరిభాగమును క్రిందియింటి రేకులచూరు మఱుగుపఱచుచుండెను. అత్తగారు గదిలో తలదువ్వుకొనుచున్నదని తలచి ఉత్సాహముతో బొత్తాము నొక్కెను. కారు కిచకిచలాడెను. ఆ కూత వినవలసినవారికి వినబడలేదు. మఱుక్షణమున ఇంజను గుఱ్ఱుమని కారు మూరెడు ముందునకు దుమికి ఒడలంతయు వణకి ఆగిపోయెను. చూరుక్రింద ఇత్తడిపళ్ళెము ఖంగున నేలబడిన సద్దు వినవచ్చెను.

కుముదవల్లి మెట్లెట్లు దిగెనో ఆమెకే తెలియదు. క్రింద పైడమ్మ బానెట్టు ప్రక్కన గోడ కానుకొని నిలిచియుండెను. పంచె జాఱి వడియములన్నియు నేలపాలయ్యెను. పిండి అంటిన చేయి గాలిలో అట్లే నిలిచియుండెను. ఒక వడియము మాత్రము ఎగిరి ఆమె చెక్కిలి కంటుకొనియుండెను. ఆమె ఒక్క అడుగు ఇవతల కారు ముందున నిలిచియున్నచో ఏమయ్యెడిదో తలచుకొని కుముదవల్లి ఆమెను చేయిపట్టి కారునకు దూరముగా జరిపెను.

స్నానమునుండి తువ్వాలుతోనే పరుగెత్తివచ్చిన భానోజీ తల్లిని తడిమిచూచి భార్య మొగము చూచి "నాయుడు తీగలేవో తారుమారు చేసినట్లున్నాడు" అనెను.

ఆ మాటచాటున దాగుట ఎంత సులభమో కుముదవల్లి గ్రహించెను. భీమునిపట్టణమును, అత్తగారి ప్రక్క చోటును, రానున్న కాలమంతయు ఆమె కన్నులయెదుట ఒక్కమాఱు మెదలెను.

"కాదండీ. నాయుడుగారు చెప్పియే యుండిరి. గేరు తీయుట మఱచితిని. క్రిందికి తొంగిచూడకయే నొక్కితిని. అత్తయ్యా, తప్పు నాది" అని కుడిచెవికడకు వంగి వినబడునట్లుగా పలికెను.

పైడమ్మ చెక్కిలిమీది వడియమును మెల్లగా ఊడదీసి చేతిలో నుంచుకొని చూచెను.

"తాళమునకు చెవి పెట్టించితిరి. కన్ను పెట్టించుట మఱచితిరి."

కుముదవల్లి వంగి పళ్ళెము నెత్తుచుండ పైడమ్మ మరల పలికెను.

"పసిపాపను నిద్రలేపవలెనన్నను ఉయ్యాలలోనికి తొంగిచూచియే కదే పిలుతుము. సరే. ఏడ్చిన కాటుక చెదరును. మా అక్క కాటుకను ముందు చూచును, కోడలిని తరువాత చూచును. ఆ గేరేదో తీసి పైకి పొమ్ము. నేనిచ్చట నిలుతును. చేయి యెత్తిన పిమ్మట నొక్కుము."

కుముదవల్లి గేరు తీసి మేడయెక్కెను. పైడమ్మ చూరుక్రిందనుండి వీథి నడుమకు వచ్చి కారు ముందువెనుకలు పరికించి చక్రమునకు రాయి చూచి పిండితో తెల్లనైన చేతిని పైకెత్తెను. బొత్తాము నొక్కబడెను. ఇంజను పాలు పొంగునంత మెత్తగా మేల్కొని నిలిచినచోటనే గుసగుసలాడుచుండెను.

నేలపాలైన వడియములను కాకులకు విడిచి చేయి కడుగుకొనుసరికి కారు చల్లబడెను. పైడమ్మ తలుపు తెఱచి చెంబులో వ్రేళ్ళు ముంచి అట్టు పోయుటకు ముందు పెనము పరీక్షించు తీరున సీటుపై నీళ్ళు చిలికెను. చెవి యొగ్గుట తనకు వ్యర్థమని తలచి కోడలివంక తిరిగెను.

"సుయ్యనెనా?"

"అనలేదత్తయ్యా."

"అయితే కుంపటి ఆఱినది" అని ఆమె ముందరిసీటునందు కోడలి ప్రక్కన సుఖాసీనయై "భానోజీ, నీవు వెనుక కూర్చుండుము. నడుపుట రానివాడు ముందెందుకు" అనెను.

భీమునిపట్టణమున అక్కగారు గుమ్మములో నిలిచి తలుపులు ముట్టకయే తాళము పడుట చూచి ముక్కున వ్రేలిడుకొనగా పైడమ్మ "దానికి చెవి యున్నది. కన్ను నేను" అని చెప్పి కోడలి చేయి పట్టుకొని లోపలికి నడచెను.

పిదప ఆ వాలు వీథిలో ప్రతియుదయమును ఒక దృశ్యము కనబడుచుండెను. మేడమీద బొత్తాముపై వ్రేలుంచి కోడలు వేచియుండును. క్రింద అత్తగారు కారుచుట్టును తిరిగి వచ్చి చేయెత్తును. ఆ చేయి లేచువఱకు కారు నిదురించును. దూరమునుండి పిలుచు విద్య ఎంత ముద్దైనదైనను దగ్గరనుండి చూచు కన్ను దానికి తోడుపడినప్పుడే అది ఇంటికి శుభమగును.