కోపిష్టి ద్రాక్ష

నల్లరాయి మీద తొలి చినుకు పడితే ఒక వాసన లేస్తుంది.

లెస్సీని కొండల్లో పుట్టినవాళ్లకు తల్లిపాల తర్వాత తెలిసేది ఆ వాసనే. ఎప్పుడో నిప్పు కక్కి చల్లారిన కొండలవి. ఆ రాళ్లలోనే దురెల్లా ద్రాక్ష పండుతుంది. మందపాటి తొక్క, నాలుక తెగేంత పులుపు. కోపిష్టి అని ముద్దుపేరు.

జెల్మీరాకు ఆ పేరంటే ఇష్టం.

ఆమె నేలమాళిగలో సీసాలు తలకిందులుగా ఉంటాయి — ఏటవాలు చెక్కల చిల్లుల్లో మెడలు దూర్చుకుని. లోపలి మడ్డి మెడలోకి దిగాలంటే రోజూ ఒక్కో సీసాను కాస్త తిప్పాలి.

తిప్పింది. గాస్పరే.

ఇంకొకటి తిప్పింది. గాస్పరే.

జపమాల తిప్పుతూ పునీతుల పేర్లు తలుచుకునే ఊళ్లో, ఆమె మాత్రం మరిది పేరు తలుచుకుంది.

గాస్పరే నాలుకంటే ఆ కొండలకు వేదం. పునీత మార్టిన్ పండుగనాడు అందరూ తమ వైన్‌లు తెచ్చి అతని పెరట్లో పెడతారు. అతను మింగితే ఏడాదంతా గిరాకీ. ఉమ్మితే... అంతే సంగతులు.

జెల్మీరా భర్త తుల్లియో, అతనికి సొంత అన్న. మొదటిసారి చేసిన నురగ వైన్ పట్టుకెళ్లాడు. గాస్పరే నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించాడు. అన్న బూట్ల మీద ఉమ్మాడు.

"ఇది తాగడానిక్కాదు అన్నయ్యా, పీపాలు కడుక్కోడానికి."

పెరడంతా నవ్వింది.

తుల్లియో ఆ బూట్లు మళ్లీ వేసుకోలేదు. తోట ముఖం చూడలేదు. మరో పండుగ రాకముందే పోయాడు. పాడె పక్కన గాస్పరే వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది.

మిగిలిన సీసాలను ఆమె పారబోయలేదు. ఏళ్ల తరబడి చీకట్లో పడుకోబెట్టి, ఆ తర్వాతే తలకిందులు చేసి తిప్పసాగింది. వైన్ ముదిరింది. పగా ముదిరింది.

కోరిక ఒక్కటే — అందరి ముందూ గాస్పరే గుటక వేయాలి. అది తుల్లియో చేసిన వైనేనని అప్పుడు చెప్పాలి.

ఈసారి పండుగకు ఆకాశం మూసుకునే ఉంది. వెరోనా పట్నం నుంచి వర్తకులొచ్చారు, షాంపేన్ తప్ప మరో నురగ ఎరగనివాళ్లు. జెల్మీరా మూత తీసింది. మడ్డి ఒక్క చిమ్ముతో ఎగిరిపోయింది. గ్లాసులో లేత బంగారం, సన్నటి బుడగలు... తాగిన వర్తకులు మళ్లీ గ్లాసులు చాచారు. ఇన్నాళ్లూ దీన్నెక్కడ దాచారమ్మా అని ఒకతను అడిగాడు.

ఆమె వినిపించుకోలేదు. గాస్పరే గొంతునే చూస్తోంది.

గుటక.

"బాగుంది," అని తల ఊపాడు.

భర్త పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అంతలో ఎవరిదో పక్క గ్లాసు అందుకున్నాడతను. అది పులిసి పాడైందని వర్తకులు అప్పటికే మొహం చిట్లించి పక్కన పెట్టేశారు; అతను గమనించలేదు.

గుటక.

"బాగుంది." అదే తల ఊపడం.

జెల్మీరాకు అర్థమైంది. అర్థమైందని అతనికీ తెలిసింది. ఆమెను గోడ పక్కకు పిలిచాడు.

"కిందటి చలికాలం జ్వరంతోనే పోయింది వదినా. వాసన లేదు, రుచి లేదు. ఎవరికీ చెప్పలేదు." గొంతు తగ్గించాడు. "నీ వైన్ నాలుక మీద కుట్టింది, అంతే. వాళ్ల మొహాలు చూశాను. ఎలా ఉందో నువ్వు చెప్పవా?"

చచ్చిన పామును కొట్టడానికి ఇన్నేళ్లూ కర్ర చెక్కుకుందన్నమాట.

అతని రెండో చేతిలోంచి తన వైన్ గ్లాసు తీసుకుంది. అతని ఎదుటే తాగింది. మెల్లగా... పచ్చి యాపిల్. ఉప్పు. చివర్న, వానకు తడిసిన నల్లరాయి. అతను ఆమె పెదవులనే చూస్తూ నిలబడ్డాడు, ఆకలిగా.

"మీ అన్న చేసిందే," అంది. "నువ్వు ఉమ్మిందే."

గాస్పరే మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఎలా ఉంది వదినా?"

చెప్పలేదు.

కొండెక్కుతుంటే ఆ రుచి నాలుక మీదే ఉంది. దాన్ని చెప్పే మాటలూ ఉన్నాయి. ఆ మాటలు అర్థమయ్యే మనిషి ఈ కొండల్లో ఒక్కడే ఉన్నాడు. వాడికి చెప్పదు. రేపూ చెప్పదు.

నేలమాళిగ. ఒక సీసా మీద చెయ్యి వేసింది.

తిప్పింది. గా...

బయట నల్లరాయి మీద చినుకు పడింది. వాసన లేచింది. కింద ఊళ్లో ఒక మనిషి కిటికీ తెరుచుకుని, ఆ వాసన కోసం గుండెల నిండా గాలి పీలుస్తూ ఉంటాడు...