మట్టికి కాపలా

తామరచెరువు గురించి ఏసుపాదం చెప్పేవన్నీ నమ్మితే మనకి అన్నం సయించదు, నమ్మకపోతే ఆయనకి సయించదు. ఆయన చిన్నప్పుడు ఆ చెరువులో ఒక కొరమేను ఉండేదిట. దానికి ఊరి కరణంగారికన్నా వయసు ఎక్కువట. గట్టుమీద ఎవరైనా చుట్ట కాలిస్తే తల పైకెత్తి దగ్గేదిట. ఇవన్నీ చెబుతున్నంతసేపూ ఆయన మొహంలో నవ్వన్నది ఉండదు. వినేవాడు నవ్వాడో, "నవ్వండి నవ్వండి, పోయిన చేప మళ్ళీ వస్తుందా" అని కోప్పడతాడు.

చేప పోయిన మాట మాత్రం నిజం. ద్రాక్షారామం రోడ్డు పక్కన, చెరువుకి ఎగువన, ఒకాయన ఫ్యాక్టరీ పెట్టాడు. పాత బ్యాటరీలు పగలగొట్టి, కరిగించి, సీసం తీసేవాళ్ళు. కడిగిన నీళ్ళన్నీ బోదెలో పడి చెరువులోకి దిగేవి. కొన్నాళ్ళు నడిపి, ఒక రోజు తాళం వేసుకుని ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాడు. ఫ్యాక్టరీ కక్కిందంతా చెరువు అడుగున ఉండిపోయింది. పైకి నీళ్ళు తేటగానే కనిపించేవి. గేదె దిగి కాస్త కదిపిందా, తారులాంటి అడుసు పైకి లేచేది. ఏసుపాదం మాట వినండి: ఆ నీళ్ళలో చొక్కా జాడిస్తే మురికి పోయేది కాదు, చొక్కా పోయేది.

ఆ అడుసు తీయించడానికి ప్రభుత్వం డబ్బిస్తోందన్న మాట ఊళ్ళో చాలా ఎలక్షన్లు చూసింది. ఫ్లెక్సీలు కట్టారు, చింపారు, మళ్ళీ కట్టారు. ఆఖరికి ఈ వేసవిలో కాలువలకి నీళ్ళు ఆపేశాక నిజంగానే డబ్బొచ్చింది. పొక్లెయిన్ దిగింది. నీళ్ళు తోడేసి, నల్లమట్టి ఎత్తి గట్టుమీద పోశారు. అది ఎండి, పగిలి, చిన్న కొండలా నిలబడింది. దానికి ఒక కాపలా మనిషి కావాలన్నారు. కాలువ లాకుల దగ్గర తలుపులెత్తి దించే లస్కరుగా చేసి రిటైరైన ఏసుపాదాన్ని పెట్టారు.

పని చూసే ఇంజనీరు మురళీకృష్ణ కుర్రాడు, మంచివాడు. ఎర్ర రిబ్బను చుట్టూ కట్టించి, పుర్రె బొమ్మ ఉన్న బోర్డు పాతించి, మరీ చెప్పాడు.

"తాతగారూ, ఇది ఎవరూ ముట్టుకోకూడదండి. ఇందులో సీసం ఉంది. చేలోకీ పనికిరాదు, ఇంటికీ పనికిరాదు. రెండో విడత డబ్బు రాగానే దూరంగా గొయ్యి తీసి, అడుగున మందపాటి ప్లాస్టిక్ పరిచి పూడ్చేస్తాం."

"రెండో విడత ఎప్పుడొస్తుందండి?"

"మొదటి విడత పని అయినట్టు పైవాళ్ళు వచ్చి చూశాక."

"ఆ డబ్బుతోటే తవ్వడం, పూడ్చడం రెండూ అయిపోతాయిగదండీ?"

"తవ్వకం వేరే పద్దండి. పూడ్చడం వేరే పద్దు."

"అంటే అన్నం ఒక పద్దు, కూర ఒక పద్దు. ఉత్త అన్నం తిన్నట్టు రుజువు చూపిస్తే అప్పుడు కూర పంపుతారు. బాగుందండి."

మురళీకృష్ణ నవ్వేశాడు. అతనికి ఇంకా నాలుగు మండలాల పనులున్నాయి. బండెక్కి వెళ్ళిపోయాడు.

చెరువు మట్టి సంగతి ఈ ప్రాంతం వాళ్ళకి కొత్తగా చెప్పాలా? కాలువలు కట్టెయ్యడం, చెరువులు ఎండగట్టడం, మట్టి తోలుకోవడం, తాతలనాటి నుంచి వేసవి పని అదే. కొబ్బరి మొదళ్ళకి అదే ఎరువు, ఇళ్ళకి అదే మెరక. మెరక లేని ఇల్లు శ్రావణమాసంలో పడవతో సమానం. ఈ మధ్య ఊరికో పెద్దమనిషి బయల్దేరి చెరువు మట్టిని లేఅవుట్లకి అమ్ముకోవడం మరిగాడు. అందుకని చెరువు మట్టి ముట్టుకోవద్దని ఎవరైనా అన్నారంటే జనానికి ఒకటే అర్థం: బేరం అయిపోయిందని.

కొబ్బరితోటల దొరబాబు బుల్లెట్ ఆపి ఆ మాటే అన్నాడు.

"ఏంటి ఏసుపాదం, దేనికి కాపలా?"

"విషానికండి."

"విషానికి కాపలా ఏంటయ్యా? విషం ఎవడెత్తుకెళ్తాడు? మీ లాకుల దగ్గర నీళ్ళకి అడ్డం పడే గుర్రపుడెక్కకి ఎప్పుడైనా కాపలా పెట్టారా?"

"లేదండి."

"మరి? విలువైందానికే కాపలా. ఎవడో లేఅవుట్ వాడికి కుదిర్చేసి ఉంటారు. పుర్రె బొమ్మ మనకి, లాభం వాడికి."

ఏసుపాదం తల గోక్కున్నాడు. నలభై ఏళ్ళు గవర్నమెంటు పని చేసిన బుర్ర అది. గవర్నమెంటు పనికిమాలిన వస్తువుని ఎండలో కాపలా మనిషిని పెట్టి కాపాడటం ఆయన ఎప్పుడూ చూడలేదు. దొరబాబు మాట అలా వెళ్ళి చెవిలో కూర్చుంది.

కూర్చోడానికి వేరే కారణం కూడా ఉంది. ఆయన కూతురు హెలెన్‌కి కాలనీలో ఇళ్ళస్థలం ఇచ్చారు. పంట చేలకన్నా పల్లం అది. అల్లుడు సుకుమార్ ఆటో నడిపిన డబ్బంతా పోసి ఇల్లు లేపాడు, మెరకకి మిగల్లేదు. అద్దిల్లు ఖాళీ చేసి వచ్చేశారు. భార్య సువార్తమ్మ పోయాక ఏసుపాదం కూడా వాళ్ళతోనే. మనవరాలు ఆశాజ్యోతి అప్పుడప్పుడే పాకుతోంది. మృగశిర వచ్చేసింది. నాలుగు చినుకులకే వాకిట్లో కప్పలు కాపురం పెట్టాయి. "వానలు పడితే ఈ పిల్లని ఎక్కడ దింపను నాన్నా?" అని హెలెన్ రోజూ అడుగుతోంది.

మర్నాడు పొద్దున్న దొరబాబు ట్రాక్టరు గట్టు దగ్గరికి వచ్చింది.

"అయ్యగారూ, నేను అటు తిరిగి చుట్ట కాల్చుకుంటాను," అన్నాడు ఏసుపాదం. "నా వీపుకి కళ్ళు లేవు. కాకపోతే మీ తోటకి తోలే మట్టిలో సగం మా హెలెన్ వాకిలికి దారి తప్పాలి."

"నీ వీపుకి కళ్ళు లేకపోయినా నోరుందయ్యా," అని దొరబాబు పకపకా నవ్వాడు.

ఒక ట్రాక్టరు కదిలితే పదొస్తాయి. లూథరన్ చర్చి పేటా, ఊరూ, కాలనీ మొత్తం కదిలింది. ట్రాక్టరు లేనివాళ్ళు సైకిళ్ళ మీద గోతాలేసుకుని వచ్చారు. ఏసుపాదం ఆ కాసిని రోజుల్లో కాల్చినన్ని చుట్టలు జన్మలో కాల్చలేదు. గట్టు బోసిపోయింది. పుర్రె బొమ్మ బోర్డు మాత్రం మిగిలింది. దాన్నీ ఎవరో కోళ్ళగూటికి తలుపు చేసుకున్నారు.

హెలెన్ వాకిలి రోడ్డుకన్నా జానెడు ఎత్తు లేచింది. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. ఆశ ఆ కొత్త మట్టిలో పాకింది, కూర్చుంది, గుప్పిళ్ళతో ఎత్తి నోట్లో పెట్టుకుంది. ఆ వయసులో మన్ను తినని పిల్లలెవరు? హెలెన్ చూసినప్పుడల్లా నోరు కడిగేది. ఏసుపాదమైతే, "తిననీ అమ్మా, నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ గోడకి గోడే తినేసింది, ఆ ఇల్లు మళ్ళీ కట్టించా" అని కోతలు కోసేవాడు.

రెండు నెలలకి పిల్ల తిండి మానేసింది. ముద్ద పెడితే కక్కేది. కడుపు పట్టుకుని ముడుచుకుపోయేది. గోడ పట్టుకుని నిలబడే పిల్ల మళ్ళీ కూలబడిపోయింది. వాము నీళ్ళు పోశారు, చర్చిలో నూనె రాయించారు. ఆఖరికి సుకుమార్ ఆటోలో కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళారు. డాక్టరమ్మ రక్తం పరీక్ష చేయించి, అడిగింది.

"మీ ఇంటి దగ్గర పాత బ్యాటరీల పని ఏమైనా చేస్తారా?"

"లేదండి, మా ఆయన ఆటో నడుపుతారు," అంది హెలెన్.

"పిల్ల రక్తంలో సీసం ఉందమ్మా. మందులు రాస్తాను. కానీ అది ఎక్కడ్నుంచి వస్తుందో అక్కడ్నుంచి పిల్లని తప్పించకపోతే మందుతో లాభం లేదు. బుర్ర ఎదగదు."

వెనక బల్లమీద కూర్చున్న ఏసుపాదం ఆ మాట విన్నాడు. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. "నాన్న నోరు మూసుకున్నాడంటే లోకం మునిగిపోతుంది" అని హెలెన్ ఎప్పుడూ వేళాకోళం చేసేది. ఆ రోజు చెయ్యలేదు.

మర్నాడు ఆయన ఇంజనీరు ఆఫీసుకి వెళ్ళాడు. మురళీకృష్ణ ఆయన్ని చూసి కుర్చీలోంచి లేచాడు.

"ఏమండీ తాతగారూ, కొండంత మట్టి ఏమైపోయిందండి? పైవాళ్ళు వచ్చి చూశారు. గట్టు ఖాళీ. మట్టి తరలింపు పూర్తయిందని రాసుకుని వెళ్ళిపోయారు. రెండో విడత ఆపేశారు."

"మట్టి ఇళ్ళల్లో ఉందండి. వాకిళ్ళలో ఉంది. మా మనవరాలి రక్తంలో ఉంది."

మురళీకృష్ణ మళ్ళీ కూర్చున్నాడు.

"ఇది చెరువు బాగుచేసే డబ్బండి. వాళ్ళ కాగితాల్లో చెరువు బాగైపోయింది. ఇళ్ళ వాకిళ్ళకి ఇవ్వరు."

"గట్టుమీద మళ్ళీ మట్టి కనబడితే?"

"కనబడితే ఫొటో తీసి రాస్తాను. ఇవ్వచ్చు, ఇవ్వకపోవచ్చు. ఈ నెల దాటితే మాత్రం పద్దు మూసేస్తారు."

ఏసుపాదం ఇల్లిల్లూ తిరిగాడు. "అమ్మా, ఆ మట్టి తిరిగిచ్చెయ్యండి, విషం" అన్నాడు. పక్కింటి పాపాయమ్మ చీపురు కింద పెట్టి ఎగాదిగా చూసింది.

"ఎంతకి కుదిరింది బాబాయ్?"

"కుదరడం ఏంటే! మా ఆశని చూశావుగా?"

"పిల్లకి బాలేదు, నిజమే. నా మనవలు గుండ్రాళ్ళలా ఉన్నారు మరి! చుట్ట కాలుస్తూ నువ్వే ఇచ్చావు, ఇప్పుడు విషమంటావు. చేప దగ్గిందన్న నోరేగా అది."

దొరబాబు దగ్గరికెళ్తే ఆయన నవ్వలేదు కూడా. "కొబ్బరి మొదళ్ళకి వేసి నీళ్ళు కట్టేశానయ్యా. ఇప్పుడు చెట్లు పీకి ఇమ్మంటావా?" అన్నాడు.

తను కథ చెప్పినప్పుడల్లా నోళ్ళు తెరుచుకుని విన్న ఊరు ఇది. మొదటిసారి ఉన్నమాట చెప్పాడు, తలుపులేసుకున్నారు.

ఇక మిగిలింది హెలెన్ వాకిలి. ఆయనే పలుగు పట్టాడు. గీకి, గోతాల్లో నింపి, సైకిలు మీద వేసుకుని గట్టుకి తోశాడు. నడుం విరిగిపోయింది. సుకుమార్ ఆటో ఆపి సాయం పట్టేవాడు. హెలెన్ పిల్లని చంకలో వేసుకుని గుమ్మంలో నిలబడి చూసేది. దిగిపోయిన మట్టితోపాటు కింది అసలు నేల కూడా కొంత వచ్చేసింది. వాకిలి మొదటికన్నా పల్లమైంది. గట్టుమీద మాత్రం మనిషెత్తు కుప్ప తయారైంది. దానిమీద తాటాకులు కప్పి, ఏసుపాదం ఇంజనీరుని పిలుచుకురావడానికి బస్సెక్కాడు. అప్పటికే ముసురు పట్టుకుంది.

ముసురు వానైంది, వాన ఆగలేదు. ఆఫీసులో మురళీకృష్ణ లేడు. వరద డ్యూటీలో ఎక్కడో ఉన్నాడు. ఏసుపాదం వరండాలో రెండు రోజులు పడిగాపులు పడ్డాడు. మూడో రోజు అతన్ని పట్టుకుని, బండి వెనక కూర్చుని, దారంతా కుప్ప ఎంత పెద్దదో చెబుతూ వచ్చాడు.

గట్టు మీద తాటాకులున్నాయి. కుప్ప లేదు.

మురళీకృష్ణ హెల్మెట్ తీయలేదు. వాన చుక్కలు దాని మీద టపటపా పడుతున్నాయి.

"తాతగారూ, మీ కథలంటే నాకు ఇష్టమేనండి. కానీ ఈ రోజు ఊళ్ళు మునిగిపోతున్నాయి," అని బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఏసుపాదం వంగి చూశాడు. గట్టు మీంచి దారి పొడుగునా నల్లటి బురద ముద్దలు పడి ఉన్నాయి. ఎవడో లేఅవుట్ దొంగ అనుకున్నాడు. పాపాయమ్మ అనుకున్నాడు. తిట్టుకుంటూ ఆ ముద్దల వెంటే నడిచాడు. అవి చర్చి దాటాయి, కాలనీలోకి తిరిగాయి, పాపాయమ్మ ఇల్లు కూడా దాటి, హెలెన్ ఇంటి ముందు రోడ్డు మీద ఆగాయి.

సుకుమార్ ఆటో చక్రాలకి నల్లమట్టి పట్టి ఉంది. ఇంటి చుట్టూ మోకాలి లోతు నీళ్ళు. గుమ్మం ముందు మాత్రం గోతాలతో కట్ట పోసి, లోపల గచ్చు మీద మట్టి పరిచి, దాని మీద మంచం వేశారు. మంచం మీద ఆశ.

"ఎందుకు తెచ్చావే తల్లీ?" అన్నాడు ఏసుపాదం.

హెలెన్ తల ఎత్తలేదు. మట్టి చేతులు లంగాకి తుడుచుకుంటోంది.

"నీళ్ళు మంచం దాకా వచ్చేశాయి నాన్నా. సామర్లకోట అత్తగారింట్లో ఉన్నది ఒక్క గది, అందులోనే బావగారి పిల్లలు. ఎక్కడ పెట్టుకోను దీన్ని? విషం రేపటి సంగతి. నీళ్ళు ఇవాళే వచ్చాయి."

ఏసుపాదం వెళ్ళి మంచం అంచున కూర్చున్నాడు. ఆశ గుప్పిలి మూసి ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. అరచేతిలో నల్లటి మట్టి. చూరు నీళ్ళు దోసిట్లో పట్టి తెచ్చి కడిగాడు. ఆట అనుకుందేమో పిల్ల, చాలా రోజుల తర్వాత నవ్వింది. నవ్వి, మంచం పక్కకి చెయ్యి చాపి, ఇంకో గుప్పెడు తీసింది.