అరిచే కప్ప

జూలై సగం దాటినా మల్దకల్ పక్కనున్న ఆ ఊళ్లో చినుకు లేదు. విత్తనాల కోసం వేసిన సీడ్ పత్తి మొలకలు మాడిపోతుంటే, కప్పతల్లి ఆడితే వాన వస్తుందని ఆడవాళ్లు రోకలీ వేపమండలూ సిద్ధం చేసుకున్నారు. తీరా చూస్తే ఊరంతా గాలించినా రోకలికి కట్టడానికి కప్ప లేదు. ఉన్నవి రెండే, సుప్రియ ఇంటి వెనక తొట్టిలో. గద్వాలలో డిగ్రీ చదివే ఆ పిల్ల కప్పల గొంతు మీద ప్రాజెక్టు రాస్తూ వాటిని పెంచుతోంది. రెంటిలో ఆడదాని కడుపు నిండా గుడ్లు. వాన పడగానే రెంటినీ వాగులో వదలాలని సుప్రియ ఆశ. పాపం, ఊరి పెద్దమ్మలను అడక్కుండానే ఆశపడింది.

ఆట నడిపించే బాలనాగమ్మ కూడా ఎవరినీ అడగలేదు. తొట్టిలో చెయ్యి పెట్టి పెద్దదాన్ని పట్టేసింది. రోకలికి కట్టి నీళ్లు పోశారు. కప్ప అరవలేదు. అరవకపోతే వాన రాదని వాళ్ల నమ్మకం. బాలనాగమ్మ వేపపుల్లతో దాని కడుపులో పొడిచింది.

"పొడవకు పెద్దమ్మా!" సుప్రియ ప్రాణం విలవిల్లాడింది. "అది ఆడది. దాని గొంతుల కండ సన్నగుంటది. మగదానికే లావు కండ, అదే ఒర్రుతది. ఎంత పొడిచినా ఇది ఒర్రదు."

"గట్లనా? మరి మగదాన్ని తే."

ఒకదాన్ని ఇస్తే ఇంకోటైనా బతుకుతుందనుకుంది సుప్రియ. తన చేతులతోనే మగదాన్ని చంకల కింద పట్టి తీసిచ్చింది. పట్టుకోగానే అది బెకబెకమంది. ఆడవాళ్లు కేరింతలు కొట్టారు. మగకప్పను అలా పట్టుకుంటే అది అరిచేది వదిలెయ్యమని. ఆ సంగతి అక్కడ సుప్రియకు ఒక్కదానికే తెలుసు.

"ఇగ ఆడదాన్ని ఇడ్సిపెట్టుండ్రి," అని మాత్రం అంది.

"పిచ్చి పిల్లా, తల్లి లేకుంటే కప్పతల్లి ఎట్లయితది? ఇది ఉండాలె, అది ఒర్రాలె," అని బాలనాగమ్మ రెంటినీ పక్కపక్కనే కట్టించింది.

ఊరేగింపులో ప్రతి ఇంటి ముందూ బిందెడు నీళ్లు, మగదాని చంకల్లో ఒక నొక్కుడు. అది అరిచినప్పుడల్లా నవ్వులు. ఎక్కడైనా ముడి వదులైతే విడిపిద్దామని సుప్రియ వెంట నడుస్తూనే ఉంది. రెండో వీధిలో ఆడదాని కడుపు పగిలి గుడ్లు రోకలి మీదుగా జారాయి. చూసినావిడ శుభమంది.

చివరి ఇంటి దగ్గర మగదాని అరుపూ ఆగిపోయింది. బాలనాగమ్మ ఎంత నొక్కినా తల వేలాడేసింది. ఆమె విసుగ్గా సుప్రియ వైపు తిరిగింది.

"ఏమే, ఇదిగూడ ఆడదాన్నే ఇచ్చినవా ఏంది?"