రెండు మోకాళ్లు

మా క్రికెట్ బోర్డు చైర్మన్ సెకిత్తో గారికి మోకాళ్లంటే ప్రాణం. ఆయనవి కావు, మావి.

కంపాలాలో ఆడపిల్ల పెద్దవాళ్లను పలకరించాలంటే రెండు మోకాళ్లూ నేలకు ఆనాలి. మా అమ్మ అలాగే చేసింది, నేనూ అలాగే పెరిగాను. దాని మీద నాకు పేచీ లేదు. మా నాన్న ముందు మోకరిల్లితే ఆయన చెయ్యి నా తల మీద పడేది, కడుపు నిండిపోయేది. ఈయన సంగతి వేరు. ఈయన కారు మైదానంలోకి వస్తే చాలు, కాళ్లకు ప్యాడ్లున్నా, ఒళ్లంతా చెమటున్నా మేం పరుగెత్తుకొచ్చి వరసగా మోకరిల్లాలి. మగ జట్టు కుర్రాళ్లు మాత్రం చెయ్యి కలిపి వెళ్లిపోతారు. ఆయన మా వరస చివరిదాకా తీరిగ్గా చూసి, "ఊఁ, ఎంపీసా ఉంది," అని తల పంకిస్తారు. ఎంపీసా అంటే మర్యాద. మంచి మాటే, కానీ ఆయన నోట్లో పడితే బెత్తం అయిపోయేది.

మా ఆడపిల్లల జట్టుకు నేను కెప్టెన్ని. వికెట్ల వెనక కీపింగ్ చేస్తాను. పేరు నక్యంజి. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని అందరూ అంటారు. ఉంటుంది. ఇది చదివాక మీకు రాకపోతే అప్పుడు నన్నడగండి.

ఇది నైకోబా సంగతి. జింజా నుంచి వచ్చిన పిల్ల, మా ఫాస్ట్ బౌలర్. తను వేసిన బంతి నా గ్లవ్స్‌లో పడితే ఆ చప్పుడుకు గోడవతల కిరాయికి తిప్పే బోడా బైకుల వాళ్లు బేరాలాపి తొంగి చూసేవాళ్లు. కిందటిసారి ప్రపంచకప్ అర్హత పోటీలకు 'చిన్నపిల్ల' అని వదిలేసి వెళ్లారు. ఈసారి పోటీలు విండ్‌హోక్‌లో. వాళ్ల నాయనమ్మ అప్పుడే ఊరంతా చెప్పుకుని తిరిగింది, నా మనవరాలు విమానమెక్కుతోందని.

పోటీలకు నెల ముందు చైర్మన్ గారి కూతురి క్వాంజులా వచ్చింది. అబ్బాయి తరఫువాళ్లు మేకలతో, పళ్లబుట్టలతో వచ్చి పిల్లనడిగే వేడుక కదా, జనం ఎక్కువ. హోటలైతే ఖర్చు. మైదానం తాళాలు ఎలాగూ ఆయన జేబులోనే ఉన్నాయి. తెల్లటి గుడారాలు మా పచ్చిక మీద లేచాయి. అరటికాయల మతోకే వండారు, డప్పులు కొట్టారు, అమ్మాయి మోకరిల్లింది, అందరూ ఏడ్చారు, వెళ్లిపోయారు. గుడారాల మేకులు పీకేశారు గానీ ఆ గుంటలు పూడ్చాలన్న ఆలోచన ఒక్కడికీ రాలేదు.

ఆ తర్వాతి ప్రాక్టీసులో నైకోబా పరుగెత్తుకొస్తుంటే ఎడమ కాలు గడ్డి కింద దాక్కున్న గుంటలో దిగింది. పాదం అక్కడే ఉండిపోయింది, మనిషి తిరిగింది.

మా సొంత డబ్బుతో డాక్టరుకు చూపించాం. మోకాలి కీలు మధ్య ఉండే మెత్తటి ముక్క చినిగిందన్నాడు. "కట్టు కట్టుకుని తిన్నగా పరుగెత్తొచ్చు. కానీ పూర్తిగా మడవకు. మడిచావంటే ఇరుక్కుంటుంది, ఇక చాపలేవు," అన్నాడు.

బయటికి రాగానే నేను బోర్డు ఆఫీసుకు పోదామన్నాను.

"ఎందుకు, నబ్బోసాలా ఇంటికి పోవడానికా?" అంది నైకోబా.

నబ్బోసా మా పాత బౌలర్. భుజం నొప్పని నిజం చెప్పింది. మగపిల్లలకైతే మర్దన చేయడానికి మనిషి ఉంటాడు, ఐసు ఉంటుంది. నబ్బోసాకు ముకోనో బస్సు టికెట్టు ఇచ్చారు. ఇప్పుడు రోడ్డు పక్కన చపాతీలు కాలుస్తోంది.

"గుంట వల్లే అయిందని చెబుదామే."

"ఎవరి గుంట అక్కా? ఆయన కూతురి గుంట! నోరు మూసుకో. నేను బంతి వేయాలిగానీ కప్పగెంతులు వెయ్యక్కర్లేదుగా."

నిజంగానే వేసింది. కట్టు బిగించుకుని పరుగెత్తింది. నా గ్లవ్స్‌లో చప్పుడు ఏమాత్రం తగ్గలేదు. చైర్మన్ కారు వచ్చినప్పుడల్లా మాత్రం బాత్రూంలోకి దూరేది. "దానికి విరేచనాలా ఏంటి?" అని పిల్లలు నవ్వేవాళ్లు.

వీడ్కోలు విందు రోజు బాత్రూం పనికిరాలేదు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నారు. వేదిక మీద చైర్మన్ గారు జెర్సీ పట్టుకుని నిలబడ్డారు. పిల్ల వెళ్లాలి, మోకరిల్లాలి, రెండు చేతులతో అందుకోవాలి. ఎదురుగా పేపర్లవాళ్లు, కెమెరాలు. నేను తీసుకుని పక్కకొచ్చాను. తర్వాత నైకోబా.

పాపం, నిలబడితే పొగరంటారు, రెండూ వంచితే కాలు పోతుంది. మధ్యేమార్గం ఉందనుకుంది. మంచి మోకాలు ఒక్కటే నేలకు ఆనించి, చెడ్డకాలు ముందుకు పెట్టి, రెండు చేతులూ చాచింది.

హాలంతా ఒక్క క్షణం నోరు తెరిచింది. ఎందుకంటే మా దగ్గర ఆడది ఒంటి మోకాలు వేయదు. ఒంటి మోకాలు వేసేది, సినిమాలు చూసి చెడిపోయిన కుర్రాళ్లు, ఉంగరం పెట్టేటప్పుడు.

"ఉంగరమేదీ?" అని వెనక నుంచి ఎవడో అరిచాడు.

"అయ్యగారూ, ఒప్పుకోండి సెబో! పిల్ల బాగుంది!" అని ఇంకొకడు.

హాలు దద్దరిల్లింది. మా పిల్లలు కూడా నవ్వారు, మూర్ఖులు. చైర్మన్ గారి ముఖం నల్లబడింది. జెర్సీ ఇవ్వలేదు. మడిచి చంకలో పెట్టుకున్నారు.

వసారాలో నన్ను పట్టుకున్నారు. "నీ పిల్ల నన్ను జనంలో కోతిని చేసింది. ఎంపీసా లేనిది నా విమానం ఎక్కదు."

ఆయన విమానమట! రెక్కలు ఆయనే కట్టి తోలుతున్నట్టు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. వెనక నుంచి నైకోబా నా చొక్కా పట్టుకుని గుంజింది.

"తప్పయింది సెబో, వేళాకోళానికి చేశాను," అంది. తల దించుకుని, నవ్వుతున్నట్టు కూడా ముఖం పెట్టింది.

"వేళాకోళమా! ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి రా. ఎలా మోకరిల్లాలో నేర్పిస్తాను. అప్పుడు చూద్దాం."

ఆయన పోయాక దాని మీద విరుచుకుపడ్డాను. "బుద్ధుందా నీకు? చేయని తప్పు ఒప్పుకుంటావా?"

"మర్యాద లేనిదాన్ని అంటే కాళ్లు పట్టుకోవచ్చు అక్కా. కుంటిదాన్ని అంటే ఏం పట్టుకోను?"

ఆ మాటకు నా కోపం ఇంకా పెరిగింది.

ఆదివారం నేనూ వెంట వెళ్లాను. నైకోబా కట్టు కనబడకుండా గోమెసి కట్టుకుంది, భుజాలు పొడుచుకొచ్చినట్టుండే ఆ నిండు గౌనులో పెళ్లికి వెళ్తున్నదానిలా ఉంది. దారంతా ఒకటే చెప్పింది. "ఒక్క నిమిషం పని అక్కా. దిగుతాను, క్షమించమంటాను, నీ చెయ్యి పట్టుకుని లేస్తాను."

చైర్మన్ గారు ముందుగదిలో సోఫాలో ఉన్నారు. కింద నున్నటి గచ్చు. ఆయన భార్య మోకరిల్లి ఆయనకు టీ అందించి, అక్కడే ఓ పక్కన చాప మీద కూర్చుంది. పక్క గోడకు కూతురి క్వాంజులా ఫోటో, పెద్దది. వెనకాల మా మైదానం, మా స్కోరుబోర్డు.

నేను మోకరిల్లాను. నైకోబా నా భుజం పట్టుకుని ముందు ఒకటి దించింది. తర్వాత రెండోది. పిరుదులు మడమలకు ఆనేదాకా కూర్చుంది. నా భుజంలో దాని గోళ్లు దిగాయి. ముఖం మాత్రం నవ్వుతూనే ఉంది.

"క్షమించండి సెబో."

ఒక్క నిమిషం పని అన్నది కదా. ఆయన కాళ్లు చాపుకుని మొదలెట్టారు. వాళ్లమ్మ పొలం నుంచి కట్టెలమోపుతో వస్తూ కూడా పెద్దలు కనబడితే మోపు దించి మోకరిల్లేదట. ఈ కాలప్పిల్లలకు ప్యాంట్లు వచ్చాయట, మోకాళ్లు పోయాయట. బ్యాటు ఎవరైనా ఊపుతారు, దేశానికి కావలసింది ఎంపీసాయట. టీ చల్లారిపోయింది. ఆయన మాట చల్లారలేదు. నైకోబా పై పెదవి మీద చెమట పట్టింది.

"చాలు లెండి, పిల్ల ముఖం చూడండి," అంది భార్య.

"ఉండవే, చెబుతున్నానా!" అని ఇంకొంచెం చెప్పి, చివరికి జెర్సీ తీసి నైకోబా ఒళ్లో పెట్టారు. "సరే, క్షమించాను. జట్టులో ఉన్నావు. లే."

నైకోబా లేవలేదు.

"లే అమ్మాయ్, క్షమించానన్నానుగా."

లేవలేదు. జెర్సీని రెండు చేతులతో పిసుకుతోంది. ఆయన ముఖం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "చూశావా నక్యంజీ! లెమ్మన్నా లేవడం లేదు. ఇదీ ఎంపీసా అంటే! కెప్టెన్‌వి, నేర్చుకో," అన్నారు.

"లేవలేను సెబో," అంది నైకోబా. "కాలు రావడం లేదు."

అప్పటిదాకా పట్టుకున్న నవ్వు అక్కడ ఊడిపోయింది. బావురుమంది. నేను చంకల కింద చేతులు వేసి లేపబోతే కెవ్వున అరిచింది. డాక్టరు చెప్పినట్టే కీలు ఇరుక్కుపోయింది.

ఇక నా నోటికి తాళం లేదు. "మీ కూతురి గుడారం గుంటలో పడింది సెబో! అదిగో, ఆ ఫోటోలో కనబడే గుడారమే. దాచుకుని, కట్టు కట్టుకుని, మీకోసం బంతి వేసింది. ఇప్పుడు మీ మర్యాద తీరిందా? ఇంకా రెండు ముక్కలు చెప్పండి, మీ అమ్మగారి కట్టెలమోపు గురించి!"

"ముందే చెప్పొచ్చుగా," అన్నారాయన.

"చెబితే ఏం చేసేవాళ్లు? బస్సు టికెట్టు ఇచ్చేవాళ్లు!"

ఆయన భార్య చాప మీంచి లేచింది. "గుంటలు పూడ్పించమని నేను చెప్పానా లేదా? 'ఆడపిల్లలే కదా, చూసుకుని నడుస్తారు' అన్నారు. లేవండి. కారు తియ్యండి, ఆసుపత్రికి."

నైకోబాను వీపు మీద వేసుకుని నేనే బయటికి మోశాను. బిడ్డను మోసినట్టు మోశాను, మడిచిన కాలు మడిచినట్టే ఉంది. వెనక సీట్లో పడుకోబెట్టాం గానీ ఆ కాలు తలుపుకు అడ్డం పడింది. నేను లోపల తల పట్టుకుని ఉన్నాను. బయట నుంచి ఎవరో ఒకరు కింద కూర్చుని ఆ పాదాన్ని మెల్లగా తిప్పి లోపలికి పెట్టాలి. తలుపు దగ్గర ఉన్నది చైర్మన్ గారే.

ఒకసారి అటూ ఇటూ చూశారు. గేటు దగ్గర కాపలావాడు చూస్తున్నాడు. కంకర మీద ముందు ఒక మోకాలు, తర్వాత రెండోది ఆనించి, నైకోబా పాదం రెండు చేతులతో పట్టుకుని లోపలికి జరిపారు. అప్పుడాయన ముఖంలో సిగ్గు కనబడింది, కాదనను. దాంతో నా కోపం చల్లారిందనుకుంటే మీకు నేను ఇంకా అర్థం కాలేదన్నమాట.

పని అయ్యాక ఆయన లేచారు. ప్యాంటుకు అంటిన దుమ్ము దులుపుకున్నారు, ఎడమది, కుడిది. నైకోబా జెర్సీని గుండెకు హత్తుకుని కిటికీలోంచి ఆ మోకాళ్లనే చూస్తోంది.

"ఎంత తేలిగ్గా లేచాడో చూశావా అక్కా," అంది.